పసుపు పూసిన కొస

మందారం కొమ్మల అడుగు కొసను ఏటవాలుగా కోసి, కుళ్లు పట్టకుండా పసుపు రుద్దుతోంది హరిత. తెల్లవారినప్పటి నుంచీ ఇదే పని. మట్టి కలిపిందీ, సంచులు నింపిందీ ఆమే. పుంగనూరు దారిలోని ఆ నర్సరీలో ఆమె చెయ్యి తగలని మొక్క లేదు. అయినా ఏటా మొదటి వరస నాటే వేళకు అత్త అక్కమ్మ నోట అదే మాట.

"నువ్వు పక్కకు నిలబడమ్మా. పిల్లలు గల తల్లి నాటాల."

ఆ తల్లి మరిది భార్య భవ్య. మదనపల్లెలో కాపురం. ఏడాదికోసారి పట్టుచీర కట్టుకుని వస్తుంది. పసుపు మట్టిపాలు చేయకూడదని ఆ కొసను పైకే ఉంచి గుచ్చుతుంది. కొమ్మ తలకిందులైపోతుంది, ఇంక వేరెక్కడిది, చిగురెక్కడిది! మొదటి ఏడు చెప్పబోతే, "నీకు కడుపుమంట" అంది అక్కమ్మ. అప్పటి నుంచి హరిత నోరు మూసుకుని, అందరూ వెళ్లాక ఒక్కో కొమ్మనూ పీకి తిప్పి నాటేది. చిగుర్లు చూసి, "మా భవ్య హస్తవాసి మంచిది" అని అక్కమ్మ ఊరంతా చెప్పుకునేది. తన చెయ్యి పనికిరాదని ఏటా తనే రుజువు చేసి పెట్టింది, పిచ్చి మొహం.

ఈ ఏడు అక్కమ్మ ఇంకో మాట కలిపింది. "ఈ వరస చిగురేస్తే శుభమే. శాంతిపురంలో పిల్లను సూసినాము, గురుమూర్తికి మాట్లాడుకోని వస్తాము. నువ్వూ ఉందువులే, పని చేసుకుంటా."

హరిత మొగుడి వైపు చూసింది. ఇద్దరూ పరీక్ష చేయించుకోండని డాక్టరమ్మ అన్ననాడు, "నాకు యాల? నేను బాగుండాను" అన్నవాడు గురుమూర్తి. ఇప్పుడు ఫోనులోంచి తలెత్తకుండా, "అమ్మ మాట కాదంటే ఎట్ల?" అన్నాడు.

ఎవరో ఆ శాంతిపురం పిల్ల. ఆమెకూ కడుపు పండకపోతే ఆమెనూ పక్కకు నిలబెడతారు. ఇద్దరూ కలిసి మట్టి కలుపుకోవాలి.

సాయంత్రం భవ్యను దింపి రావడానికి అందరూ బండిలో పోయారు. భవ్య నాటిపోయిన వరస దగ్గర హరిత కూర్చుంది. అలవాటుగా చెయ్యి మొదటి కొమ్మను సగం పైకి లాగింది. కాసేపు అట్లాగే పట్టుకుని, మళ్లీ లోపలికి గుచ్చేసింది. నాటకుండా మిగిలిన కొమ్మల్ని తడి గోనెపట్టలో చుట్టి, కత్తి తీసుకుని, కురబలకోటకు బస్సెక్కింది. అక్కడ చిన్నమ్మ ఉంది. చూసి సంతోషపడదని తెలుసు.

దారిలో గురుమూర్తి ఫోను. "యాడుండావే? ఇంట్లో అన్నం గూడా లేదు."

"శాంతిపురం పోయే పన్లేదని అత్తకు చెప్పు. ఆ వరస బతకదు."

"అప్పుడే దిష్టి పెట్టినావా?"

"లేదప్పా. ఈసారి నా చెయ్యి పెట్టలేదు."