మొదటి లైను

రెండు వేల నాలుగు. మా మేనేజరు సోమశేఖర్ గారు తొమ్మిది ప్రాజెక్టులకూ ఒకే రూలు పెట్టారు: కోడ్‌లో ఏ లైనూ ఎనభై అక్షరాలు దాటకూడదు. దాటితే పట్టుకునే ప్రోగ్రాం నేను రాశాను. పరీక్షకని తొమ్మిదింటి మీదా నడిపితే ఒక్క ఫైలూ నెగ్గలేదు. ఈ ప్రాజెక్టుల వాళ్ళలో ఒక్కరికీ కోడ్ రాయడం రాదని తిట్టుకుంటూ కాటన్‌పేటలోని ఇంటికొచ్చాను.

మా నాయన చీరల కొట్లో సరుకు సరిచూస్తాడు. నా గోలంతా విని నవ్వాడు.

"అన్ని చీరలకూ ఒకే తావున మరకుంటే నేసినోళ్ళను తిట్టనమ్మా, పరిచిన బల్లను చూస్తా. నీ తప్పులు యాడుండాయి?"

మర్నాడు చూశాను. అన్నీ మొదటి లైనులోనే ఉన్నాయి. ప్రతి ఫైలుకూ పైన అతికించమని సోమశేఖర్ గారే పంపిన లైను అది: కంపెనీ పేరు, హక్కుల ప్రకటన, ఆపైన ఆయన పేరు, రెండు డిగ్రీలు, హోదా. మొత్తం నూట పన్నెండు అక్షరాలు.

"తొమ్మిది ప్రాజెక్టుల్లోనూ తప్పు ఒక్కరిదే" అని రిపోర్టు పంపాను. పేరు రాసే ధైర్యం చాలలేదు.

ఆయన అందరినీ మీటింగుకు పిలిచి, బల్ల గుద్ది అడిగారు: "ఎవరయ్యా ఆ మహానుభావుడు?"