లోపలి గడియ

ఆ శిబిరంలో కనుచూపుమేర గుడారాలే. లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు మాత్రం ఒక్కటే, అది ఆడవాళ్ళ గదికి. సాయం చేసే సంస్థవాళ్ళు రేకుల గది వేసి, కుట్టుమిషన్లు పెట్టించి, తలుపు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. అప్పుడు వడ్రంగి కోడలు ముందుకొచ్చింది. మామా మొగుడూ దారిలోనే పోయినా వాళ్ళ సుత్తీ రంపమూ ఆమె మూటలో మిగిలాయి. సరుకుల కింద వచ్చే చెక్కల చట్రాలు విప్పి, వంకరపోయిన మేకుల్ని రాతిమీద సాపుచేసి, ద్వారబంధంతో సహా తలుపు చేసింది. లోపల గడియ బిగించింది. బయట గొళ్ళెం మరిచిపోయింది.

"బయట గొళ్ళెం లేని తలుపు ఎక్కడైనా ఉందటే? మీ మామ చూసుంటే నీ చేతిలో సుత్తి లాక్కునేవాడు," అని అత్త దెప్పింది.

మర్నాడు మధ్యాహ్నం గొళ్ళెం వేద్దామని కోడలు సుత్తి పట్టుకుని వెళ్ళింది. తలుపు లోపలినుంచి వేసి ఉంది. చెక్కల సందులోంచి చూస్తే ఆడబిడ్డ నేలమీద ముడుచుకుని నిద్రపోతోంది.

సరిహద్దు దాటినప్పటినుంచీ ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు. తెల్లవార్లూ గుడారం జిప్పు గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది. బయట ఎవరు దగ్గినా ఉలిక్కిపడేది. పలకరిస్తే తలూపడమే తప్ప నోరు విప్పేది కాదు. అలాంటిది, పట్టపగలు గుర్రుపెట్టి మరీ నిద్రపోతోంది. కోడలు సుత్తిని కొంగుచాటున పెట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేసింది. గొళ్ళెం మాట అత్త కూడా మళ్ళీ ఎత్తలేదు.

ఆనాటినుంచి మధ్యాహ్నం పూట ఆ గది ఆ పిల్లది. మిగతావాళ్ళు మిషన్లు బయట నీడకి తెచ్చుకుని కుట్టుకునేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరినీ ఏమీ అడక్కపోవడమే ఆ గది పద్ధతి.

వానలు ముంచుకొస్తున్నాయనగా శిబిరం ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, కాళ్ళకింద నిప్పులు పోసుకున్నట్టు తిరిగే మనిషి. దుప్పట్లు వస్తున్నాయనీ, దాచడానికి తలుపున్న గది ఇదొక్కటేననీ, రేపటికల్లా ఖాళీ చెయ్యాలనీ చెప్పాడు. బదులుగా కొత్త గుడారం ఇస్తానన్నాడు.

కోడలు తలొంచుకుని అంతా విని, చివర్లో అంది.

"గుడారానికి జిప్పు ఉంటుంది సార్. జిప్పు బయటినుంచి కూడా లాగొచ్చు."

ఇక్కడ ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే కదమ్మా, ఇంకా భయమెందుకన్నాడాయన.

"మమ్మల్ని ఇళ్ళలోంచి ఈడ్చింది కూడా మనవాళ్ళే బాబూ," అంది అత్త, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆయన గడియారం చూసుకుని కదిలాడు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. సాయంత్రానికి కొత్త గుడారం వచ్చి పడింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కూలీల్నీ తాళాన్నీ వెంటబెట్టుకుని వచ్చేసరికి గది ఊడ్చి శుభ్రంగా ఉంది. తలుపు ఉండాల్సినచోట మాత్రం ఇంత ఖాళీ నోరు తెరుచుకుని ఉంది. కుళాయిల పక్క చదునులో కొత్త గుడారం లేచింది. జిప్పు కుట్టిన మూతిని కత్తిరించి అవతల పారేశారు. అక్కడ ద్వారబంధం పాతి, గుడ్డని చుట్టూ మేకులతో బిగించారు. మిగతా గోడలకి గోనెసంచులు జంటకుట్టు వేసి కలిపారు. నీళ్ళకొచ్చిన మగవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వుతున్నారు. గుడ్డ గోడకి చెక్క తలుపేమిటని ఒకాయన మేలమాడాడు.

"దారి పొడుగునా గోడలే చూశాం నాయనా," అంది అత్త. "మా చేతిలో గడియ ఉన్న తలుపు ఇదే."

గుడారం చుట్టూ ఆడవాళ్ళు, గోడకి వీపులానించి, వరసగా కూర్చుని కుట్టుకుంటున్నారు. ఆఫీసరుని చూసి ఒక్కరూ లేవలేదు. కొత్త గుడారాన్ని పాడుచేశారని ఆయన కేకలేశాడు. తలుపు ఊడదీయిస్తానన్నాడు. కూలీలు వీపుల వరసకేసి చూసి, ఉన్నచోటే నిలబడిపోయారు.

"గది మీరు వేసింది, మీకు వదిలేశాం. తలుపు మేం చేసుకున్నది. ఇవ్వం," అంది కోడలు. సుత్తి ఆమె ఒళ్ళోనే ఉంది.

ఆయన విసురుగా తలుపు దాకా వెళ్ళాడు. అటొక బారెడు జరిగితే అంతా గుడ్డే, చేత్తో నెడితే లోపలికి పోతుంది. అయినా ఎదురుగా తలుపుండేసరికి చెయ్యి తనంతట తనే లేచి తట్టింది.

"ఎవరది?" అంది లోపలినుంచి ఒక గొంతు.

అత్త చేతిలో సూది ఆగిపోయింది.

శిబిరం ఆఫీసర్నన్నాడాయన.

"ఇప్పుడు తియ్యను. పడుకున్నాను. తర్వాత రండి."

సరిహద్దు దాటాక ఆ పిల్ల నోరు విప్పడం ఇదే మొదటిసారి. కోడలు తల తిప్పలేదు. తిప్పితే ఏడుపొస్తుందని తెలుసు, ఆయన ముందు ఏడవడం ఇష్టం లేదు. ఆఫీసరు తాళం జేబులో వేసుకున్నాడు. కూలీల్ని పొమ్మన్నాడు. తనూ కదిలి, మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి అడిగాడు, ఆ రేకుల గదికి ఇంకో తలుపు చెయ్యగలవా అని.

"చెక్కలు పంపండి, చేస్తాను సార్," అంది కోడలు. "దుప్పట్లకైతే బయట గొళ్ళెం చాలు."