సాయంత్రం ఆటకు టికెట్టు

"ఎవురురా నా సెప్పు ఎత్తుకపోయింది?"

రూతు గొంతు లావు చేసి గద్దించేసరికి మగవాళ్ల వార్డులో మంచాలన్నీ కదిలాయి. ఆమె తుడుపుకర్రను బకెట్లో ముంచి, పిండి, ఏమీ ఎరగనట్టు గుమ్మం దగ్గర నేల తుడవసాగింది.

చిత్తూరులోని ఆ ఆసుపత్రిలో రూతు ఆయా. యాభై దాటిన పొట్టి మనిషి. మోకాళ్లు అరిగిపోయి పక్కలకు ఊగుతూ నడుస్తుంది. ఫినాయిల్‌కు అరచేతులు తెల్లగా పాలిపోయాయి. నేల తుడవడం, దొడ్డికి పెట్టే పళ్లేలు కడగడం, ఎవరైనా పోతే ఒళ్లు తుడిచి కాళ్ల బొటనవేళ్లు కట్టడం ఆమె పని. చెప్పుకోవడానికి ఇంకేమీ లేని బతుకే. కానీ మహాతల్లికి కథల పిచ్చి. బొరుగుల అంగట్లో పొట్లాలు కట్టే పాత వారపత్రికల్ని బతిమాలి తెచ్చుకుని చదువుతుంది. చదివింది చదివినట్టు చెప్పడం మాత్రం చచ్చినా చేతకాదు. ఈ వారం కథలో మహానగరం, పెద్ద హోటలు, గొప్ప ఆఫీసరు ఉంటే, రూతు నోట్లో పడేసరికి ఆఫీసరు ఐరాల బెల్లం షావుకారయ్యాడు, హోటలు కాణిపాకంలో కల్యాణమండపమైంది. పెళ్లిభోజనం చేసి బయటికొచ్చిన షావుకారుకు తన చెప్పు ఒకటే కనబడింది. దాని పక్కన ఎవరిదో ఆడవాళ్ల చెప్పు. ఇంకేముంది, వంటవాళ్ల నుంచి పురోహితుడి దాకా అందరి కాళ్లూ వెతకడం మొదలుపెట్టాడు.

కిటికీ పక్క మంచం సుందరరాజుది. కార్వేటినగరం దగ్గర పల్లె. వయసంతా వీధినాటకాల్లో బఫూను వేషం కట్టి ఊళ్లకు ఊళ్లను నవ్వించినవాడు, ఇప్పుడు ఊపిరితిత్తులు చెడి ఎముకల గూడులా పడున్నాడు. చేర్పించి పోయిన అల్లుడు మళ్లీ మొహం చూపలేదు. పొద్దున ఇచ్చే బన్నును ముసలాయన రెండు ముక్కలు చేస్తాడు. ఒక సగం రూతుకు. "ఊరికే సూస్తే ఆటకు మర్యాద లేదు. ఇంద, టికెట్టు," అంటాడు. అది ఆమె నమిలి మింగేదాకా కథ మొదలుకానివ్వడు.

పాఠాలు కూడా చెప్పేవాడు. "నవ్వు పైకి లేసినప్పుడే తెర వేసెయ్యల్ల రూతమ్మా. మల్లా ఎప్పుడని వాళ్లే అడగల్ల."

ఆ రోజు షావుకారు పెళ్లిపీటల మీదికే ఎక్కేశాడు. తుడుపుకర్రే పెళ్లికొడుకు. "కాలు ఎత్తబ్బా, సూస్తా!" అని రూతు కర్రను తలకిందులు చేసి దాని అడుగున తొంగిచూసింది. వార్డంతా గొల్లుమంది. సుందరరాజు నవ్వి నవ్వి దగ్గులో పడ్డాడు. గుండె పట్టుకునే, ఆపొద్దని చేయి ఊపాడు. సరిగ్గా అప్పుడే రూతు బకెట్టు ఎత్తింది.

"మిగిలింది సాయంత్రం!"

"ఇప్పుడే సెప్పెయ్ రూతమ్మా," అన్నాడు సుందరరాజు. అతను అట్లా ఏనాడూ అడగలేదు.

"నువ్వు నేర్పిందే గదా పెద్దాయనా. తెర వేసేసినా."

అతను పళ్లులేని నోటితో నవ్వాడు. "అదీ నిజమేలే. సరే పో, సాయంత్రం ఆట."

గురువునే మించానని రూతు మురిసిపోతూ ఆడవాళ్ల వార్డుకు వెళ్లింది. మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతుంటే నర్సు కోమలి మెట్ల దగ్గరికి వచ్చి పిలిచింది.

"అక్కా, కిటికీ మంచం అయిపోయింది. వచ్చి తుడుస్తావా?"

అక్కడ చావు కబురు అట్లాగే చెబుతారు.

రూతు గుడ్డ తడిపి అతని మొహం తుడిచింది, ఛాతీ తుడిచింది. బొటనవేళ్లు కట్టబోతే ముడి పడలేదు. ఎందరికో కట్టిన చేతులు అవి. పాడు నోరు, ఒక్క నిమిషం ఆగి చెప్పేసి ఉంటే ఏం పోయేది అని తనను తానే తిట్టుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది. మోకాళ్లు నొప్పెడుతున్నా వంగి అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"షావుకారు సెప్పు ఎవురూ ఎత్తుకపోలేదు పెద్దాయనా. తొందర్లో ఒక కాలికి తనది, ఇంకో కాలికి పెండ్లాంది ఏసుకొని వచ్చినాడు. ఆయప్పది ఇంట్లో గడప కాడే ఉండాది."

పక్క మంచం మీది బాలచంద్ర ఫక్కున నవ్వి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ఇంకెవరూ నవ్వలేదు.

అతన్ని తీసుకుపోయాక రూతు దుప్పటి లాగేసి, స్టూలు మీద ఉన్నవి సర్దబోయింది. స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. ఎత్తి చూసింది. లోపల సగం బన్ను. పొద్దుటి టికెట్టు పొద్దుటే ఆమె తినేసింది. ఇది ముసలాయన తాను తినాల్సిన సగం.

రూతు గ్లాసును బన్ను మీద మళ్లీ బోర్లించి, తుడుపుకర్ర అందుకుంది. తుడిచిన నేల ఆరిపోయాక కూడా కిటికీ పక్క స్టూలు మీద ఆ గ్లాసు అట్లాగే ఉంది.