జామచెట్టుకు పూచీ ఎవరు?

మనుషులే కాళ్లు చాపుకోలేని గైబీ నగర్‌లో, మేడ మీద రంగు డ్రమ్ములో జామచెట్టు పెంచాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? మా ఆయన నర్సింగానికి పుట్టింది. పగలంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి వచ్చి, అన్నం కంటే ముందు దాని ముఖం చూసేవాడు.

చైత్రంలో నూలు కత్తెరతో కొమ్మలు కత్తిరించేవాడు. వైశాఖంలో నీళ్లు బందు. ఎండబెడితేనే పూత వస్తుందట. నాకు బకెట్లు మోసే పని తప్పేది ఆ ఒక్క నెలే. మిరుగం కార్తె తొలి చినుకు పడగానే ఎరువు. చలికాలంలో ఆకుల మీద పేరుకున్న దూది పీచును చంటిపిల్ల ముక్కు తుడిచినట్టు తుడిచేవాడు. రెండేళ్లు గడిచినా ఆకులే తప్ప ఒక్క పిందె లేదు.

మూడో ఏడు, తొంభై ఎనిమిదిలో, డ్రమ్ము నీళ్లు స్లాబులోంచి కారి, కింద ఉండే ఇంటి ఓనరు సుశీలాబాయి అప్పడాల డబ్బాలో పడ్డాయి.

"శ్రావణం దాకా చూస్త నర్సింగం. పూత రాకుంటే డ్రమ్ము సడక్ మీదనే," అంది.

ఆయన తిండి మానేశాడు. ఆ చెట్టును నేను తిట్టని రోజు లేదు గానీ, ఆయన వాడిన ముఖం చూశాక నేనూ కంచం పక్కన పెట్టాను. అప్పుడే ఆయనకు ఊరి పద్ధతి గుర్తొచ్చింది. కాయని చెట్టును ఒకరు గొడ్డలెత్తి బెదిరించాలి. ఇంకొకరు అడ్డంపడి, ఈ ఏడు కాస్తుందని పూచీ పడాలి. అప్పుడు చెట్టు సిగ్గుపడి కాస్తుందట. పూచీ పడే పని నాకు అప్పజెప్పాడు.

సాంచాలకు సెలవు శుక్రవారం. కట్టెల దుకాణం నుంచి గొడ్డలి తెచ్చాడు. చుట్టుపక్కల వాళ్లంతా మేడ ఎక్కారు. డ్రమ్ము పీడ విరగడవుతుందని సుశీలాబాయి కూడా రొప్పుతూ ఎక్కింది.

"ఏమే! మూడేండ్ల సంది తాగుడే గని కాసుడు లేదు. కాస్తవా, నరకన్నా?" అని గొడ్డలెత్తి, నా వైపు చూశాడు.

నేను చూసింది సుశీలాబాయి ముఖం.

"నరుకు," అన్నాను.

గొడ్డలి గాల్లోనే ఆగిపోయింది. "గట్ల గాదే ఓదెమ్మా... నువ్వు ఆపాలె," అని గొణిగాడు.

"నేనెందుకు ఆపుత? ఇల్లు నాదా? నరుకు!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టు సడలి గొడ్డలి చెట్టు మీదికి జారింది.

"ఆగురా!" సుశీలాబాయి కేక పెట్టింది. "లచ్చిందేవి దినం నా ఇంట్ల పచ్చని చెట్టు మీద గొడ్డలా? ఈయేడు కాస్తది. పూచీ నాది!"

"అందరు ఇన్నరు గదా? సుశీలక్క పూచీ పడ్డది," అని గట్టిగా చెప్పాను.

నలుగురిలో మాట జారాక ఆమె ఏం చేస్తుంది? మర్నాటి నుంచి తనే బకెట్టు మోసింది. శ్రావణంలో మొగ్గ కనిపిస్తే గల్లీ అంతా చాటింది. భాద్రపదంలో కాకులు ముట్టకుండా పిందెలకు తన పాత చీర చుట్టింది. స్లాబు కారితే కింద గిన్నె పెట్టుకుంది. మార్గశిరంలో మొదటి పండు పూచీ పడ్డ మనిషికే దక్కింది. రెండోది మేమిద్దరం ఉప్పూ కారం అద్దుకుని తిన్నాం.

"కమ్మగున్నదా? నరుకు అన్నవ్ గదనే," అని ఆయన ఈనాటికీ దెప్పుతాడు.

"అన్న," అంటాను. ఆ రోజు నేను పూచీ పడి ఉంటే, స్లాబు మళ్లీ కారిన రోజే డ్రమ్ము సడక్ మీద ఉండేది. ఇల్లు ఎవరిదో, ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. ఈ సంగతి మాత్రం ఆయనకు చెప్పను. చెబితే ఇంకో డ్రమ్ములో మామిడి పెడతాడు.