మూడోసారి

వేలందారు గొంతు పోయిన రోజున అతని ముందు నిలబెట్టి ఉన్నది ఒక నిలువుటద్దం బీరువా. మంచి బీరువా. అద్దంలో ఓ మూల చిన్న మచ్చ తప్ప వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ మచ్చను కూడా దిష్టిచుక్క అని చెప్పి జనాన్ని నవ్వించి, పాట పెంచుకుంటూ పోయి, సుత్తి పైకెత్తాడు. ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారికి నోరు తెరిస్తే గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ గాలే. ఇది ధర పెంచడానికి కొత్త ఎత్తుగడేమోనని జనం ఊపిరి బిగబట్టారు. ఇద్దరు కంగారుపడి ధర పెంచారు కూడా. చివరికి గుమాస్తా లేచి, ఎవరికీ వినిపించని గొంతుతో ఆ బీరువాను ఎవరికో అమ్మేశాడు.

డాక్టరు గొంతులోకి దీపం వేసి చూశాడు. చెప్పు కరిచిన కాలికి కాసినట్టు మాట పలికే తీగల మీద కాయలు కాశాయన్నాడు. దీనికి మందు మౌనమే. గుసగుసలు అసలు పనికిరావు, అవి అరుపుల కన్నా చేటు. తాను మళ్ళీ చూసి సరే అనేదాకా నోరు విప్పకూడదు. అంటే ఎన్నాళ్ళని వేలందారు అడగబోయాడు. డాక్టరు తన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి చీటీ మీద రాసి చూపిస్తే భార్య దిగులుపడింది. అత్తగారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఆ చీటీని రెండుసార్లు చదివింది.

"ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఒక్కడే మూగనోము పట్టాడనుకున్నాను అల్లుడుగారూ. వాడికిప్పుడు తోడు దొరికింది."

ఆ ఒక్కడు వేలందారు కొడుకు. మూడో ఏడు నడుస్తోంది. ఇంట్లో వాణ్ణి జడ్జిగారు అంటారు. అందరి వాదనలూ శ్రద్ధగా వింటాడు, తీర్పు మాత్రం చెప్పడు. చెవులు బాగానే ఉన్నాయని పరీక్ష చేసినవాళ్ళు చెప్పారు. అర్థం కాక కాదు. చెప్పులు తెమ్మంటే తెస్తాడు, అమ్మమ్మవి తెమ్మంటే అమ్మమ్మవే తెస్తాడు. మాట ఒక్కటే రాలేదు.

నిజానికి ఒకప్పుడు ఒక మాట ఉండేది. తాత. తాత అంటే వేలందారు తండ్రి. ఆయనా వేలందారే. ఇప్పుడు కొడుకు చేతిలో ఉన్న సుత్తి ఆయనదే, పిడి మీద బొటనవేలు ఆనే చోట నొక్కు పడి ఉంటుంది. నిరుడు వానాకాలంలో ఆయన పోయాడు. పిలిస్తే పలికే మనిషి లేకపోయేసరికి ఆ ఒక్క మాటా పిల్లవాడి నోట్లోంచి వెళ్ళిపోయింది. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

వీధి చివరి బాలబడిలో పెద్ద టీచరు వాణ్ణి చూసి ముద్దు చేసింది గానీ చేర్చుకోలేదు. కనీసం నీళ్ళు కావాలని నోటితో అడగగలగాలి కదండీ, ఇంతమంది పిల్లల్లో మేం కనిపెట్టుకుని ఉండలేం, సెలవులయ్యాక చూద్దాం అంది. అందుకని పిల్లలకు మాటలు నేర్పే టీచరు దగ్గరికి తీసుకువెళ్ళారు. మొదటిరోజు ఆవిడ జడ్జిగారి ముందు నేల మీద కూర్చుని, నీ పేరేమిటి నాన్నా అంది. వేలందారు చెప్పాడు. ఇదేం బొమ్మ అంది. ఏనుగు అని వేలందారు చెప్పాడు. ఏనుగు ఏం రంగు అన్నా అతనే చెప్పాడు, పైగా దాని చెవులు ఎంత బాగా కుట్టారో కూడా వివరించాడు.

"నాన్నగారూ, మీకు మాటలు చక్కగా వచ్చాయి," అంది టీచరు. "ఇక మీరు రానక్కర్లేదు. బాబును పంపండి."

తరువాత నెమ్మదిగా నచ్చజెప్పింది. పిల్లవాణ్ణి అడగండి, అడిగి ఆగండి. వాడి వంతు వాడికి వదలండి. ఎంతసేపైనా సరే మీరు అందుకోకండి. అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అనలేదు.

ఈ సామెత ఇంటికి చేరినప్పుడు అత్తగారు పెదవి విరిచింది.

"అమ్మ పెట్టదేమో. అమ్మమ్మ పెడుతుంది."

వేలందారు ప్రయత్నించకపోలేదు. అతని బాధ వేరు. అతని వృత్తిలో నిశ్శబ్దమంటే నష్టం. జనం ఆగితే ఆలోచిస్తారు, ఆలోచిస్తే కొనరు. పాలా నీళ్ళా అని కొడుకును అడిగేవాడు. పిల్లవాడు కళ్ళు ఎత్తేలోపు అతని నాలుక దానంతటదే కదిలేది. "పాలు, ఒకటోసారి. పాలు, రెండోసారి. మూడోసారి." చెంచాతో బల్ల మీద టక్కున కొట్టేవాడు. పాలు ఖాయమైపోయేవి. పిల్లవాడు నీళ్ళకేసి చూస్తూ పాలు తాగేవాడు.

భార్య బట్టల దుకాణంలో కొలతలు తీస్తుంది. మనుషులను కూడా అలాగే ఒక్క చూపుతో కొలిచేస్తుంది. ఒక సాయంత్రం మెడలో టేపు తీస్తూ, "వాడి మాటలు కూడా మీరే మాట్లాడేస్తున్నారు," అంది. కోపంగా అనలేదు. అందుకే అది అతనికి గుచ్చుకుంది. వాడికి ఇక మాట రాకపోతే, ఆ మాటలన్నీ తానే తినేసినట్టా అని అప్పటినుంచి ఒక భయం పట్టుకుంది. అది ఎవరికీ చెప్పలేదు. చెబుదామనుకునేలోపు గొంతు పోయింది.

గొంతు పోయాక ఇల్లు మారింది. అతను ఒక చేతిలో పాలగ్లాసు, మరో చేతిలో నీళ్ళగ్లాసు పట్టుకుని కొడుకు ముందు గొంతుక్కూర్చునేవాడు. ఆగడం తప్ప వేరే దారి లేదు కాబట్టి ఆగేవాడు. పిల్లవాడూ ఆగేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే పెద్ద ఆస్తి బేరం నడుస్తున్నట్టుండేది. పిల్లవాడి కన్ను బల్ల మీది చెంచా మీద ఉండేది, అది ఎప్పుడు టక్కుమంటుందా అని. పెదవులు కాస్త కదిలేవి. సరిగ్గా అప్పుడు వెనకనుంచి అత్తగారు వచ్చి, పాలు చల్లారిపోతున్నాయంటూ గ్లాసు లాక్కుని వాడి నోటికి పెట్టేసేది. అల్లుడు నీళ్ళగ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేవాడు. మెచ్చుకుంటున్నాడనుకుని ఆవిడ మర్నాడు ఇంకా ముందే వచ్చేది.

వేలంశాలలో కూడా ఏర్పాటు మారింది. పాట పాడించేది గుమాస్తా. సుత్తి కొట్టేది వేలందారు. గుమాస్తా జీవితంలో ఏదీ తన నోటితో తేల్చి ఎరగడు. ఒకటోసారి అనేవాడు, రెండోసారి అనేవాడు, ఆ తరువాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. ఎవరైనా వచ్చి మిగతా పని చేసిపెడతారేమోనన్నట్టు చుట్టూ చూసి, అప్పుడు మూడోసారి అనేవాడు. సుత్తి ఎత్తి పట్టుకున్న వేలందారు చెయ్యి లాగేది.

నోరు మూసుకుని అల్లుడు చేసే ఉద్యోగం ఎలా ఉంటుందో చూద్దామని ఒకరోజు అత్తగారు మనవణ్ణి వెంటబెట్టుకుని వేలంశాలకు వచ్చింది. వాణ్ణి గుమాస్తా బల్ల పక్కన చుట్టిపెట్టిన తివాచీల దొంతర మీద కూర్చోబెట్టి, తాను వెనక వరసలో బెంచీ చూసుకుంది. అప్పుడు పాటకు వచ్చింది మూసేసిన సెలూన్‌లోని కుర్చీ. ఇనప దిమ్మ మీద గుండ్రంగా తిరిగేది, చేతులకు తోలు, తల ఆనించడానికి చిన్న దిండు. పాడుతున్నది ఇద్దరే, వాళ్ళూ బద్ధకంగా.

కుర్చీని చూద్దామని జడ్జిగారు తివాచీల మీద లేచి నిలబడ్డాడు. తివాచీలు దొర్లుతాయేమోనని అత్తగారికి గుండె జారింది. కూర్చోరా అన్నట్టు చెయ్యెత్తింది.

"వెనక పెద్దమ్మగారు," అన్నాడు గుమాస్తా. ధర ఒక మెట్టు ఎక్కింది.

నాకొద్దు నాకొద్దు అని ఆవిడ రెండో చెయ్యి కూడా ఎత్తి ఊపింది. వేలంశాలలో ఎత్తిన చెయ్యికి ఒకటే అర్థం. పెద్దమ్మగారు తన పాట మీద తానే పాట పెంచారని గుమాస్తా మర్యాదగా ప్రకటించాడు. ఇంత పట్టుదల ఉన్న మనిషితో మనకెందుకని మిగతా ఇద్దరూ తప్పుకున్నారు. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో ఇరికించుకుని, కుక్కిన పేనులా ఉండిపోయింది. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు.

వేలందారు సుత్తి ఎత్తాడు. వద్దని గుమాస్తాకు సైగ చేద్దామంటే ఒక చేతిలో సుత్తి, రెండో చెయ్యెత్తితే తనూ పాడినట్టవుతుందని భయం. మాటా లేదు.

"ఒకటోసారి," అన్నాడు గుమాస్తా. "రెండోసారి." కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచు వెతుక్కున్నాడు.

శాల అంతా నిశ్శబ్దం. ఎవరూ ఏమీ అందుకోలేదు. తివాచీల మీది జడ్జిగారు తండ్రి చేతిలోని సుత్తిని చూశాడు, గుమాస్తా నోటిని చూశాడు, మళ్ళీ సుత్తిని చూశాడు. ఇక లాభం లేదనుకున్నాడు కాబోలు.

"మూలోచాలి," అన్నాడు.

వేలందారు చెయ్యి దానంతటదే దిగింది. టక్.

సుత్తి పడితే సరుకు అమ్ముడైనట్టేనని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాయించింది పోయిన పెద్దాయనే. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని ఎవరు పలికారా అని వెతికాడు. వేలందారు నోరు తెరిచి, డాక్టరు వేలు గుర్తొచ్చి, మూసుకుని, తివాచీల దగ్గరికి పోయి కొడుకు పొట్టలో తల పెట్టాడు. అతని భుజాలు కదులుతుంటే నవ్వుతున్నాడని కొందరు, కాదని కొందరు అనుకున్నారు.

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. "మాట్లాడాడండీ. నా బంగారుకొండ మాట్లాడాడు." ఆ తరువాత కుర్చీకేసి చూసింది. "అది సరే. దాన్ని నేనేం చేసుకోను?"

కుర్చీ ముందుగదిలో తప్ప ఇంకెక్కడా పట్టలేదు. ఇంటికొచ్చినవాళ్ళు క్షవరానికి పిలిచారేమోనని జంకేవారు. పిల్లవాడు మాత్రం ఎక్కి కూర్చుని దిగేవాడు కాదు. కుర్చీ బిర్రుగా ఉండేది. అమ్మమ్మ చేతులకు తిరగదు. ఆవిడ ఎంత పెట్టాలనుకున్నా పెట్టలేనిది ఆ ఇంట్లో అదొక్కటే. తిప్పగలిగింది తండ్రి. అతను ఒక చుట్టు తిప్పి, పట్టుకుని ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని కొడుకు నోటికేసి చూసేవాడు. పిల్లవాడు కాళ్ళు ఊపేవాడు. కుర్చీ చెయ్యి మీద గుద్దేవాడు. ఏడ్చేవాడు. వాడు గింజుకుంటుంటే చూడలేక అత్తగారు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకునేది. వేలందారు మాత్రం ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఆగేవాడు.

"తిప్పు," అన్నాడు వాడు ఒకనాడు, ఇంత చిన్న సంగతికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు.

తండ్రి తిప్పాడు. కళ్ళు తిరిగేదాకా తిప్పాడు. అప్పుడు ఆపు అనే మాట కూడా వచ్చింది.

ఆ తరువాత మళ్ళీ అనే మాట వచ్చింది, నీల్లు వచ్చింది, అమ్మా వచ్చింది. అమ్మ అని పిలిచిన రోజున భార్య దుకాణానికి వెళ్ళి ఒకాయన నడుము కొలత భుజానికి రాసి వచ్చింది. మూలోచాలి మాత్రం అన్నిటికీ ముగింపుగా స్థిరపడింది. అన్నం చాలంటే మూలోచాలి. స్నానం అయిందంటే మూలోచాలి. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి గంటల తరబడి ఊరి సంగతులు చెబుతుంటే జడ్జిగారు కుర్చీలోంచి ఆ మాట అన్నాడు. ఆవిడ ఠక్కున వెళ్ళిపోయింది. అత్తగారు ఆవేళ మనవడికి అడక్కుండానే రెండు అరటిపళ్ళు పెట్టింది. మాటలు నేర్పే టీచరు వాణ్ణి చూసి సంతోషించి, ఇంత బాగా ఆగడం మీకెలా వచ్చిందండీ అని అడిగితే వేలందారు తన గొంతు చూపించాడు. బాలబడిలో పెద్ద టీచరు ముందు వాడు నీళ్ళు అడిగాడు, తాగాడు, ఆవిడ బడి నియమాలన్నీ చెబుతుండగా మధ్యలో తీర్పు చెప్పేశాడు. అయినా చేర్చుకున్నారు.

డాక్టరు మళ్ళీ చూసి, కాయలు తగ్గాయి, మెల్లిగా కాస్త మాట్లాడవచ్చన్న రోజున వేలందారు తొందరగా ఇంటికి వచ్చాడు. దారంతా మొదటి మాట ఏమనాలా అని ఆలోచించుకున్నాడు. సంచీ గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కొడుకు సంచీలోంచి సుత్తి తీసుకుని సెలూన్ కుర్చీ ఎక్కి కూర్చున్నాడు. పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. నొక్కు మీద తన బొటనవేలు పెట్టాడు. అది అందులో మునిగిపోయింది.

తల ఎత్తి, "తాత?" అన్నాడు.

పిలవడం కాదు. అడగడం. చివర గొంతు పైకి లేచింది. ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మెడలో టేపుతో అప్పుడే వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడింది. వేలందారు నోరు తెరిచాడు. గొంతు బాగానే ఉంది. డాక్టరు కూడా సరే అన్నాడు. మాట రాలేదు.

పిల్లవాడు ఆగాడు. వాడికి ఇప్పుడు ఆగడం బాగా తెలుసు. తండ్రి పెదవులకేసి చూస్తూ కాళ్ళు ఊపకుండా కూర్చున్నాడు. ఆ తరువాత సుత్తి కొంచెం పైకెత్తాడు.

"ఒకతోచాలి," అన్నాడు.

కాసేపు చూశాడు.

"లెండోచాలి."

మూడోది అనలేదు. సుత్తి అలాగే పట్టుకుని తండ్రి వంతు తండ్రికి వదిలేశాడు. తాత ఎక్కడికి వెళ్ళాడో వాడికి ఇంకా చెప్పవలసే ఉంది.