సిరా చుక్క పుట్టుమచ్చ

నేను ఒక సర్వీసు రిజిస్టరుని. ఆఫీసులో ఎస్సార్ అంటారు. నాగావళి ఒడ్డున ఓ మునిసిపాలిటీలో, మంచినీటి విభాగంలో ఫిట్టరుగా చేరిన మజ్జి గవరయ్య కోసం నన్ను తెరిచారు. సర్కారు కొలువులో మనిషి మాట కంటే నా మాటకే విలువెక్కువ. అతను బతికే ఉన్నాడని కూడా నేను చెబితేనే నమ్ముతారు.

నా మొదటి పేజీలో ఉద్యోగి ఒంటి మీది ఆనవాళ్లు రెండు రాయాలి. గవరయ్య చేరిన రోజున గుమాస్తా కూర్మనాథం గారికి భోజనం వేళ మించిపోతోంది. మెడ మీది పుట్టుమచ్చ ఒకటి రాసేశారు. రెండోదాని కోసం వెతికితే ఎడమ మణికట్టు మీద నల్లటి చుక్క కనిపించింది. అదీ పుట్టుమచ్చేనని గుండ్రటి అక్షరాలతో రాసి, క్యారేజీ విప్పుకున్నారు. అది ఆయన కలం విదిలించినప్పుడు పడిన సిరా చుక్క. గవరయ్య ఇంటికెళ్లి చేతులు కడుక్కోగానే పోయింది.

ఆ సంగతి నాకు చాలా ఏళ్లు తెలియదు. ఏటా ఇంక్రిమెంటు, పీఆర్సీ వచ్చినప్పుడల్లా కొత్త జీతం, వాడిన సెలవు, మిగిలిన సెలవు అన్నీ నాలోకి ఎక్కుతూ వచ్చాయి. ఎలకలు కూడా నన్ను కాస్త రుచి చూశాయి. గవరయ్య ఏడాదికోసారి వచ్చి, మొదటి పేజీ చూసి, దండం పెట్టుకుని వెళ్లేవాడు. నా మీద భక్తి కాబోలని పొంగిపోయేదాన్ని.

రిటైర్మెంటు దగ్గర పడింది. పింఛను కాగితాలతో పాటు ఆనవాళ్లూ పంపాలి. అవి నాతో సరిపోలకపోతే ఆడిట్ వాళ్లు ఫైలు తిప్పికొడతారు. తిరిగొచ్చిన ఫైలు మళ్లీ ఎప్పుడు కదులుతుందో దేవుడికే ఎరుక. గవరయ్య ఇంట్లో ఆ పింఛను తప్ప ఇంకో ఆధారం లేదు. కొత్త గుమాస్తా హైమవతి అతని చెయ్యి పట్టుకుని చూసింది.

“బాబాయ్, ఇది పుట్టుమచ్చ కాదు, పచ్చబొట్టు కదా?”

గవరయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. “ఏటి సేస్తానమ్మా. పుస్తకంలో రాసీసినారు. మచ్చ నేదని తెలిస్తే ఉజ్జోగం ఊడిపోద్దని బయమేసింది. ఆ ఆదివారమే సంతకెళ్లి పొడిపించీసుకున్నాను.”

హైమవతికి నవ్వాగలేదు. నాకూ నవ్వొచ్చింది గానీ, అట్ట ఊడుతుందని ఊరుకున్నాను. మనిషిని చూసి పుస్తకం రాస్తారు గానీ, పుస్తకాన్ని చూసి మనిషి ఒళ్లు దిద్దుకోవడం నేనెక్కడా వినలేదు.

“పోనీ, ఒంటి మీద నిజంగా ఉన్న మచ్చ ఇంకేదైనా ఉందా?” అంది హైమవతి.

గవరయ్య మొహమాటంగా పంట్లాం పైకి మడిచాడు. కుడి మోకాలి కింద జానెడు మచ్చ. అదెలా తగిలిందో చెప్పాడు. ఓ వానాకాలం వంతెన దగ్గర పెద్ద గొట్టం పగిలి, ఊరంతా రెండు రోజులు నీళ్లు లేక అల్లాడింది. అతను బురద గోతిలోకి దిగాడు. ఇనప గొట్టం జారి కాలి మీద పడింది.

“మరి వెంటనే ఆస్పత్రికి వెళ్లావా?”

“అతుకు బిగించకుండా ఎలా వొస్తానమ్మా. నీళ్లు ఒగ్గీసేకే ఎల్లినాను.”

హైమవతి నా పేజీలు తిప్పింది. ఆ నెలలో నాలో ఉన్నది ఒకటే వరుస: ‘పదకొండు రోజులు, సగం జీతపు సెలవు.’ నాకు సిగ్గేసింది.

ఆమె ఎర్రసిరాతో మణికట్టు పుట్టుమచ్చను కొట్టేసి, పక్కన గాయపు మచ్చ అని రాసి, సంతకానికి నన్ను కమిషనరు గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన జరిగిందంతా విని, నన్ను మళ్లీ ఆమె ముందుకే జరిపారు.

“ఎలా తగిలిందో కూడా రాయండమ్మా,” అన్నారు.

‘పట్టణానికి నీరు అందించే పనిలో తగిలినది,’ అని హైమవతి రాసింది. ఆయన సంతకం చేసి, సీలు వేయించారు. ఫైలు ఒక్కసారికే గట్టెక్కింది. మరుసటి నెలలోనే గవరయ్యకు పింఛను మొదలైంది.

ఇప్పుడు రికార్డు గదిలో, ఎర్ర గుడ్డ మూటలో హాయిగా ఉన్నాను. తీరిక దొరికింది కదా, నన్ను నేనే చదువుకుంటున్నాను. గవరయ్య ఎంత జీతం తీసుకున్నాడో, ఎన్నాళ్లు సెలవు పెట్టాడో నాలో ప్రతి పేజీలోనూ ఉంది. ఏం పని చేశాడో మాత్రం హైమవతి రాసిన ఆ ఒక్క వరుసలోనే ఉంది.