చుక్క కనపడని తొమ్మిది రోజులు

నీళ్ల మీటర్లు చూసే పన్నెండుమంది ఆడవాళ్లలో, సాయంత్రం ఐదింటికి కూడా టాబ్‌లో పావువంతు చార్జింగు మిగుల్చుకుని ఆఫీసుకొచ్చేది ఒక్కతే. అందుకే ఆమెకు పిసినారక్క అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది పక్క వీధులు చూసే గలగల. గలగల రెండు నిమిషాలు నోరు మూసుకుందంటే ఒంట్లో బాగాలేదని అర్థం.

"డబ్బు దాచుకునేవాళ్లని చూశాం, నగలు దాచుకునేవాళ్లని చూశాం. కరెంటు దాచుకునే మనిషిని నిన్నే చూస్తున్నామే అక్కా," అనేది.

"నవ్వవే నవ్వు. మూడింటికి నీ టాబ్ కళ్లు తేలేస్తే నా దగ్గరికే పరిగెత్తుకొస్తావుగా."

చెప్పుకోవడానికి పని తేలికే. గేటు పక్కనో మెట్ల కిందో ఉన్న గుంట మూత కొక్కెంతో లేపాలి. లోపల బురద ఉంటుంది, జెర్రి ఉంటుంది, ఒక్కోసారి ఇంటివాళ్లు దాచిపెట్టి మరిచిపోయిన తాళంచెవి ఉంటుంది. బ్రష్షుతో మీటరు అద్దం తుడిచి, టాబ్‌తో ఫొటో తీసి, అంకె కొట్టాలి. రోజుకు నూట ఇరవై ఇళ్లు. టాబ్ ఆగిందంటే పనీ ఆగినట్టే. మిగిలిపోయిన ఇళ్లన్నీ మర్నాడు నెత్తిన కూర్చుంటాయి.

టాబులు ఇచ్చి నాలుగేళ్లయింది. ఇచ్చిన వారంలోనే పిసినారక్క తన టాబ్‌ని తువ్వాల్లో చుట్టుకుని తమ్ముడి దగ్గరికి పట్టుకెళ్లింది. తమ్ముడికి బస్టాండు వెనకాల సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. మాట అడ్డదిడ్డం గానీ చేతిలో పని మంచిది.

"దీన్ని బావ అనుకో అక్కా," అన్నాడు టాబ్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "ఎప్పుడూ పీకలదాకా పెట్టావంటే పాడైపోతుంది. అలాగని పస్తులు పడుకోబెట్టినా పాడే. ఇరవైకి దిగకముందే పెట్టు, ఎనభైకి రాగానే తీసెయ్. తెల్లవార్లూ ప్లగ్గుకి వేలాడదియ్యకు."

"మీ బావ నూటికి నూరూ తిని, గిన్నెలో ఇంకేమన్నా ఉందా అని అడిగే రకంరా."

"అందుకేగా ఆ పొట్ట. ఉబ్బిన బ్యాటరీ కూడా అచ్చం అట్లాగే ఉంటుంది, చూపించమంటావా?"

ఆ రోజు ఆమె అక్కడ గంట కూర్చుని, అడగాల్సినవన్నీ అడిగి, తెలుసుకుంది. తెర వెలుతురు సగానికి దించింది. ఎండకు వీపు పెట్టి నిలబడి, తన నీడలోనే అంకె చూడటం అలవాటు చేసుకుంది. సిగ్నలు అందని సందుల్లో టాబ్ టవరు కోసం తప్పిపోయిన దూడలా వెతుక్కుంటుందని, ఆ వెతుకులాటకే సగం ప్రాణం పోతుందని తమ్ముడు చెప్పాడు. అందుకని ఆ సందు మలుపు తిరగ్గానే విమానం బొమ్మ నొక్కేది. ఎక్కడున్నదీ చెప్పే లొకేషన్ని మాత్రం మొదటిరోజే ఆపేసింది. "నువ్వు ఏ గుమ్మం ముందున్నావో నీకు తెలుసుగా, దానికెందుకు?" అన్నాడు తమ్ముడు. తీసిన ఫొటోలు టాబ్‌లోనే ఉండి, సాయంత్రం ఆఫీసులో పెద్ద మిషనులోకి వెళ్లేవి. అందరి టాబులూ రెండేళ్లకే ముసలివైపోతే, ఆమెది మాత్రం నాలుగేళ్లయినా నడివయసులోనే ఉంది. అడిగినవాళ్లకల్లా ఆ కిటుకులు చెప్పేది, వాళ్లు సగం పాటించి సగం వదిలేసేవాళ్లు.

అంతా బాగానే జరుగుతున్న రోజుల్లో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు.

వస్తూనే గోడంత తెర ఒకటి పెట్టించాడు. అందులో ఊరి పటం, పటం మీద పన్నెండు ఎర్ర చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో మనిషి. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూలబడితే సాయంత్రం దాకా ఆ చుక్కల్నే చూసేవాడు. ఏ చుక్కయినా పది నిమిషాలు కదలకపోతే ఫోను. ఒకామె పైటచాటున పిల్లకు పాలిస్తుంటే కూడా ఫోను. వారం తిరక్కుండానే ఆయనకు చుక్కల సారు అని పేరు స్థిరపడింది. పెట్టిందెవరో చెప్పక్కర్లేదు.

ఆ పటంలో పిసినారక్క చుక్క లేదు.

మొదటి తొమ్మిది రోజులూ ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. పదో రోజు పొద్దున హాజరు పుస్తకం తెరిచి చూపించాడు. ఆమె పేరుకి ఎదురుగా తొమ్మిది గైర్హాజర్లు, ఎర్ర సిరాతో.

"నేను రోజూ వచ్చానుగా సార్. రోజూ నూట ఇరవై ఇళ్లు ఎక్కించానుగా."

"చుక్క లేదు కాబట్టి నువ్వు లేవు."

"నేను లేకుండా ఆ ఫొటోలు ఎవరు తీశారు సార్, మా అత్తా?"

"లొకేషన్ ఆపుకున్నావంటే దాక్కుంటున్నావనే లెక్క. పన్నెండు దాటితే ఈ ఏడు కాంట్రాక్టు తిరగరాయరు, అది రూలు. ఇంకో మూడే ఉన్నాయి నీకు."

"అది పెడితే మధ్యాహ్నానికే టాబ్ ఆగిపోతుంది."

"పవర్ బ్యాంకు కొనుక్కో."

ఆమె సంచిలో అప్పటికే కొక్కెం, బ్రష్షు, నీళ్ల సీసా, గొడుగు, కుక్కల కోసం ఓ కర్ర ఉన్నాయి. ఇటుకంత బరువు ఇంకొకటి మోయమంటున్నాడు, అదీ సొంత ఖర్చుతో. ఆమె పుస్తకంలో ఆ తొమ్మిది ఎర్ర గీతల్నీ ఓసారి వేలితో తడిమి బయటికి నడిచింది.

ఇంట్లో మొగుడు మెత్తటి మనిషి, దర్జీ. "పెట్టేయరాదూ ఆ లొకేషనేదో. ఎదురు చెప్పి గెలిచినవాళ్లని నేను చూళ్లేదు," అన్నాడు సూదిలోకి దారమెక్కిస్తూ.

"పెడితే సగం ఇళ్లు మిగిలిపోతాయి. అప్పుడు పని రాదని తీసేస్తారు. పెట్టకపోతే పని చేసినా లేనని తీసేస్తారు. ఏదో ఒకటి చేసి తీసేసేటప్పుడు తల వంచుకుని ఎందుకు పోవడం?"

అతను దారం ఎక్కించడం ఆపి ఆమె మొహం చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహం నాలుగైదుసార్లు చూశాడు. అప్పుడు అడ్డం వెళ్లకపోవడమే మంచిదని తెలుసు.

మర్నాడు ఆమె ఆఫీసు గోడ మీది రూళ్ల కాగితం ముందు నిలబడి, మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదివింది. నాలుగేళ్లలో దాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు. వెలుతురు పూర్తిగా ఉంచవలెను, లొకేషను ఎల్లప్పుడూ ఉంచవలెను. వినియోగదారుల ఇళ్లలో చార్జింగు పెట్టరాదు. సొంత ఫోను ఆఫీసు బీరువాలో ఉంచి వెళ్లవలెను. టాబ్ ఆగిపోయినచో ఉన్నచోటనే ఉండి ఆఫీసుకు తెలియజేయవలెను.

"దేంతో తెలియజేస్తాం? ఈల వేసా?" అంది వెనక నుంచి గలగల.

"ఏమో మరి, రాయలేదు," అంది పిసినారక్క. "ఇవాళ నేను ఇందులో ఉన్నది ఉన్నట్టు చేస్తానే. అక్షరం తప్పను. మీరూ చేయండని నేననను. భయముంటే మానెయ్యండి."

గలగల ఒక్కదానికి చెప్పడమంటే ఊరికి చెప్పడమే. పన్నెండుమందిలో పదిమంది ఆ రోజు, ఎప్పుడూ వెంట తీసుకెళ్లే ఫోన్లు కూడా బీరువాలో పెట్టి, రూళ్ల కాగితం ప్రకారం బయల్దేరారు.

పదకొండున్నరకు పటం మీద మొదటి చుక్క ఆరింది. టాబులు ముసలివి, ఎండ ముదురుతోంది. పన్నెండుకు నాలుగు ఆరాయి. చుక్కల సారు మొదట తెర చెడిందనుకుని వెనక వైర్లు కదిపి చూశాడు. ఒంటిగంటన్నరకు పిసినారక్క చుక్క ఆరింది. అది కాస్త గట్టి టాబ్ కాబట్టి అందాకా ఆగింది. ఫోను చేద్దామంటే అందరి ఫోన్లూ ఆయన వెనకున్న బీరువాలోనే మోగుతున్నాయి. ఆరిన చుక్క ఎక్కడ ఆరిందో చెప్పే తెలివి ఆ పటానికి లేదు. ఆయన స్కూటరు తీశాడు.

పిండిమర అరుగు మీద ఒకామె, మంగలి కొట్టు బెంచీ మీద ఒకామె. గలగల ఎవరి వాకిట్లోనో కూర్చుని ఆ ఇంటి పెద్దావిడకు మోకాళ్ల నొప్పికి వైద్యం చెబుతోంది. ఎవరిని లేవమన్నా ఒకటే మాట: టాబ్ ఆగింది, ఉన్నచోటనే ఉన్నాం. రెండు గంటలు తిరిగాక, చొక్కా వీపుకంటుకుపోయిన ఆయనకు ఇస్త్రీ బండి నీడలో కూర్చున్న పిసినారక్క దొరికింది.

"ఏంటిది?" అన్నాడు.

"రూలండీ."

"లే. ఆఫీసుకి పద."

"మీరు రాతపూర్వకంగా ఇస్తే లేస్తాను సార్. నోటిమాట మీద కదిలితే మళ్లీ ఎర్ర సిరా పడుతుంది."

ఇస్త్రీ ఆయన నవ్వు ఆపుకోలేక పెట్టెలో బొగ్గుల్ని అనవసరంగా కెలికాడు. చుక్కల సారు జేబులో కాగితం కోసం తడుముకుని, పెట్రోలు చీటీ వెనకాల "రావచ్చును" అని రాసి సంతకం పెట్టాడు. ఆమె చదివి, మడిచి దాచుకుని, అప్పుడు లేచింది.

మర్నాడు పెద్దాఫీసు నుంచి ఇంజనీరు మేడమ్ దిగింది. పొడిపొడిగా మాట్లాడే మనిషి. ముందు పుస్తకం చూసింది. తర్వాత మిషను తెరిపించి, ఆ తొమ్మిది రోజుల ఫొటోలు ఒక్కొక్కటే చూసింది. చుక్కల సారు పక్కనే నిలబడ్డాడు.

"ఇంట్లో కూర్చుని తీయడానికి అవి మావాళ్ల పెళ్లి ఫొటోలు కావు మేడమ్," అంది పిసినారక్క. "ప్రతి మీటరు మీదా దాని నంబరు చెక్కి ఉంటుంది. ఆ గుంటలో తల పెడితేనే కనపడుతుంది. నా చుక్క కావాలంటే ఆ నంబరే నా చుక్క."

మేడమ్ ఆ మాటకు తల ఎత్తలేదు. "ఈమె కనపడని రోజు నూట ఇరవై ఇళ్లు," అంది చుక్కల సారుతో. "కనపడిన నిన్న డెబ్బై రెండు. మిగతావాళ్లు యాభై కూడా దాటలేదు. మనకు కావాల్సింది నీళ్ల లెక్కా, వీళ్ల కాళ్ల లెక్కా?"

ఆయన బీరువా వైపు చూశాడు.

తొమ్మిది ఎర్ర గీతలూ ఆయన చేతే కొట్టేయించింది. ఫొటో తీసే నిమిషం తప్ప లొకేషను అక్కర్లేదని, ఫోన్లు ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలని రాయించింది. అయిపోయిందనుకుంటుండగా ఇంకో కాగితం పిసినారక్క ముందుకు జరిపింది. అందులో ఇలా ఉంది: నేను ఆఫీసు టాబు అమరికలు నా ఇష్టానుసారం మార్చి, ఇతరులకు కూడా నేర్పినందుకు చింతిస్తున్నాను, ఇకమీదట ఎవరికీ నేర్పనని హామీ ఇస్తున్నాను.

"పెట్టు సంతకం. పదిమందిని కూర్చోబెట్టావు, ఏదో ఒక కాగితం లేకపోతే పైన నన్నడుగుతారు. ఇది ఉంటేనే నీ కాంట్రాక్టు ఫైలు కదులుతుంది."

పిసినారక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. కిటికీ అవతల పదకొండుమంది సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. గలగల కూడా మాట్లాడటం లేదు.

ఆమె పెన్ను తీసుకుని, చింతిస్తున్నాను అన్నదాన్ని అడ్డంగా కొట్టేసింది. హామీ ఇస్తున్నాను అన్నదాన్నీ కొట్టేసింది. కింద ఖాళీలో, ఆరో తరగతి పిల్లలా గుండ్రంగా రాసింది: ‘వెలుతురు తగ్గించమని నేర్పాను. ఎండలో పెట్టొద్దని నేర్పాను. తెల్లవార్లూ ప్లగ్గుకి ఉంచొద్దని, అక్కర్లేనివి ఆపమని నేర్పాను. అందుకే ఈ ఆఫీసు నాలుగేళ్ల నాటి టాబులతో ఇంకా పని చేయించుకుంటోంది. అడిగినవాళ్లకు రేపు కూడా చెబుతాను.’ దాని కింద నిండుగా సంతకం పెట్టి జరిపింది.

మేడమ్ చదివింది. చుక్కల సారు మెడ సాచి చదివాడు. "ఇది హామీ కాదండి మేడమ్," అన్నాడు.

"సంతకం ఉందిగా," అంది మేడమ్. దాని మీద ముద్ర గుద్ది కాంట్రాక్టు ఫైల్లో పెట్టింది.

"వెళ్తానండి, ఎండెక్కుతోంది," అని పిసినారక్క సంచి అందుకుంది. బయటికి రాగానే పదకొండుమందీ చుట్టూ మూగారు. "ఏం రాశావే అక్కా అంతసేపు?" అంది గలగల. ఆమె ఒక్కొక్కరి టాబూ చేతిలోకి తీసుకుని, చుక్కల సారు కిటికీలోంచి చూస్తుండగానే, ఏది ఎక్కడ ఆపాలో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.